కొలువు వెతికేవారికి చట్టంలో చోటేదీ?

మార్కెట్ ఎప్పుడు లేస్తుంది? మూడేళ్లుగా తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కళాశాలల్లో, అంతకంటే ఎక్కువగా బెంగళూరులోని మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, ఎలక్ట్రానిక్ సిటీ పీజీ హాస్టళ్లలో వినిపిస్తున్న ప్రశ్న ఇది. కౌన్సెలింగ్ వేళ తల్లిదండ్రులు అడుగుతున్నారు. పట్టా చేతికొచ్చి ఖాళీగా ఉన్న పిల్లలు అడుగుతున్నారు. ఉద్యోగం పోయి ఈఎంఐలు మాత్రం మిగిలిన ముప్పై, నలభై ఏళ్లవారూ అడుగుతున్నారు. దీనికి కచ్చితమైన జవాబు ఎవరి దగ్గరా లేదు. అయితే జవాబు చెప్పగలిగిన ప్రశ్న ఇంకొకటి ఉంది. మార్కెట్ లేచేదాకా ఎదురుచూసే కాలానికి అయ్యే ఖర్చు ఎవరు భరించాలి? ఇవాళ ఆ బరువంతా ఉద్యోగం వెతుక్కునేవారి మీద, వారి వెనకున్న కుటుంబాల మీద పడుతోంది. నియామకాలను తన వీలు కొద్దీ పెంచి తగ్గించే కంపెనీ గానీ, ప్లేస్‌మెంట్ల ఆశ చూపి ఫీజు తీసుకున్న కళాశాల గానీ, ఐటీ ఎగుమతులను ఘనంగా చెప్పుకునే ప్రభుత్వం గానీ అందులో వాటా తీసుకోవడం లేదు. మన కార్మిక చట్టాలకు యజమాని తెలుసు, ఉద్యోగి తెలుసు. ఆ రెండింటికీ నడుమ నెలల తరబడి నిలబడిపోయిన మనిషి మాత్రం వాటి కంట పడడు.

దేశంలో మాంద్యం లేదన్న మాట నిజమే. 2024-25లో జీడీపీ ఆరు శాతానికి పైగా పెరిగింది. మరి బెంగళూరులో ఈ కరువేమిటంటే, మన ఐటీ సేవల రంగం బతికేది ప్రధానంగా అమెరికా, ఐరోపా ఖాతాదారుల బడ్జెట్ల మీద. 2022లో అక్కడ వడ్డీ రేట్లు పెరగడం మొదలవగానే బ్యాంకులు, రిటైల్ సంస్థలు, టెలికాం కంపెనీలు సాఫ్ట్‌వేర్ ఖర్చును కుదించాయి. అదే సమయానికి మన కంపెనీలు కోవిడ్ నాటి గిరాకీ చూసుకుని ఇబ్బడిముబ్బడిగా జనాన్ని చేర్చుకుని ఉన్నాయి. 2021-22లో టీసీఎస్ లక్ష మంది ఫ్రెషర్లను, ఇన్ఫోసిస్ 85 వేల మందిని తీసుకున్నాయి. రెండేళ్లు తిరిగేసరికి కథ తలకిందులైంది. 2023-24లో టీసీఎస్ సిబ్బంది 13,249 మంది, ఇన్ఫోసిస్‌లో 25,994 మంది, విప్రోలో 24,516 మంది తగ్గారు. మూడు కంపెనీల్లోనే ఒక్క ఏడాదిలో 63 వేలకు పైగా కుర్చీలు మాయమయ్యాయి.

లేఆఫ్‌ల వార్తలు పతాక శీర్షికలకెక్కుతాయి. కానీ కొత్తవారికి తలుపులు మూసింది అసలు లేఆఫ్‌లు కావు. ఉన్నవాళ్లు కదలకపోవడమే ఎక్కువ దెబ్బ తీసింది. ఈ లెక్క జనంలోకి సరిగా వెళ్లలేదు కనుక కాస్త వివరంగా చెప్పుకోవాలి. 2022 మార్చి నాటికి ఇన్ఫోసిస్‌లో ఏడాదికి 27.7 శాతం మంది తమంతట తాము మానేస్తున్నారు. మూడు లక్షల పైచిలుకు సిబ్బంది ఉన్న సంస్థలో ఆ రేటున ఏటా 80 వేలకు పైగా స్థానాలు ఖాళీ అవుతాయి. వ్యాపారం ఒక్క రూపాయి పెరగకపోయినా వాటిని నింపడానికే అంతమంది కావాలి. 2024 మార్చికి ఆ రేటు 12.6 శాతానికి పడిపోయింది. అంటే ఖాళీలు సగానికి దిగువకు వచ్చాయి. బయట అవకాశం లేదని తెలిసి ఎవరూ తేలిగ్గా కుర్చీ వదలడం లేదు. వదిలిన కుర్చీల్లోనూ చాలావాటిని కంపెనీ నింపడం లేదు. ఆ సంస్థ 2022-23లో 50 వేల మంది ఫ్రెషర్లను తీసుకుంటే, మరుసటి ఏడాది 12 వేల లోపుకే పరిమితమైంది. ఒక్కరినీ తొలగించని కంపెనీ కూడా ఈ తీరున వేలమందికి దారి మూసేయగలదు. మూడేళ్ల కిందట అన్నయ్యకు ఏ మార్కులతో ఉద్యోగం వచ్చిందో, అవే మార్కులతో తమ్ముడికి ఎందుకు రాలేదన్నదానికి జవాబు ఇందులోనే ఉంది. లోపం తమ్ముడిది కాదు.

ఈ మందగమనం గతంలో వచ్చినటువంటిదేనా? 2001లో డాట్‌కామ్ బుడగ పగిలినప్పుడు, 2008 సెప్టెంబరులో లీమన్ బ్రదర్స్ కూలినప్పుడు ఇంతకంటే గట్టి భయమే కమ్ముకుంది. 2009 జనవరి 7న సత్యం కుంభకోణం బయటపడి హైదరాబాద్‌లో వేల కుటుంబాలు ఒక్కసారిగా అయోమయంలో పడ్డాయి. అయినా రెండేళ్లలో నియామకాలు మళ్లీ జోరందుకున్నాయి. ఈసారీ అలాగే అవుతుందని నమ్మేవారున్నారు. నేను అంత ధీమాగా లేను. దిగువన వేలకొద్దీ ఫ్రెషర్లు, పైన కొద్దిమంది అనుభవజ్ఞులు ఉండే నిర్మాణం మీద మన ఐటీ సేవల రంగం ముప్పై ఏళ్లు లాభాలు గడించింది. కృత్రిమ మేధ ముందుగా కొరికేది ఆ పునాదినే. కోడ్ పరీక్షలు, చిన్నచిన్న మార్పులు, సపోర్టు టికెట్లు కొత్తగా చేరినవారు పని నేర్చుకునే మెట్లు. అవే కరిగిపోతున్నాయి. మరోపక్క విదేశీ సంస్థలు బయటి కంపెనీకిచ్చే పనిని బెంగళూరు, హైదరాబాద్‌లలో సొంతంగా పెట్టుకున్న కేంద్రాలకు మళ్లిస్తున్నాయి. 2024 నాటికి దేశంలో ఇలాంటి కేంద్రాలు (జీసీసీలు) 1,700, వాటిలో 19 లక్షల మంది ఉన్నారని నాస్కామ్-జిన్నోవ్ అంచనా. మంచి జీతాలే ఇస్తాయి కానీ, ఇవి ఎక్కువగా అనుభవజ్ఞులకే పీట వేస్తాయి. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో రెండు శాతాన్ని, అంటే 12 వేలకు పైగా ఉద్యోగులను తగ్గిస్తామన్నప్పుడు వేటు ప్రధానంగా మధ్య, పై స్థాయుల మీదేనని చెప్పింది. పైనుంచి అలా దిగివచ్చిన అనుభవజ్ఞుడు ఇప్పుడు కిందివాడితో పోటీపడుతున్నాడు. అమెరికాలోనూ కొత్త కంప్యూటర్ సైన్స్ పట్టభద్రుల్లో ఆరు శాతం నిరుద్యోగులని న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు లెక్క. ఎంఎస్ చేసి అక్కడ కొలువు దొరక్క తిరిగొస్తున్న మన పిల్లలూ ఈ వరుసలోనే చేరుతున్నారు.

‘ఉద్యోగాలున్నాయి, నైపుణ్యాలే లేవు’ అన్నది పరిశ్రమ పాతికేళ్లుగా చెబుతున్న మాట. అందులో పస లేకపోలేదు. 2008 తరవాత ఫీజు రీయింబర్స్‌మెంట్ ఊతంతో ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కళాశాలలు ఏడువందల దాకా పెరిగాయి. చాలాచోట్ల ప్రయోగశాలలు పేరుకే ఉన్నాయి, పాఠం చెప్పేవారికి పరిశ్రమ ముఖమే తెలియదు. ఇంత జరిగాక కూడా 2024-25 నుంచి కళాశాలల్లో సీట్ల గరిష్ఠ పరిమితిని సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఎత్తేసింది. యాజమాన్యాలు సివిల్, మెకానికల్ తగ్గించి సీఎస్‌ఈ సెక్షన్లు పెంచుకున్నాయి. నియామకాలు పడిపోతున్న ఏడాదే సరఫరాకు గేట్లు తెరవడం పెద్ద పొరపాటు. అయితే నైపుణ్యాల కొరతే అసలు కారణమైతే జీతాలు వేరే కథ చెప్పాలి. కొరత ఉన్న సరుకు ధర పెరుగుతుంది. 2010 ప్రాంతంలో మూడు, మూడుంపావు లక్షలున్న ఫ్రెషర్ వార్షిక ప్యాకేజీ ఈనాటికీ మూడున్నర లక్షల చుట్టూనే తిరుగుతోంది. ఈ మధ్యలో బెంగళూరులో గది అద్దె, భోజనం, బస్సు ఛార్జీ ఎక్కడికి చేరాయో అందరికీ తెలుసు.

పట్టా అందుకున్న ఏడాదే అనర్హత

ఉద్యోగ వేటలో అన్నిటికంటే క్రూరమైన నిబంధన నోటిఫికేషన్‌లో ఒక్క పంక్తిలో ఉంటుంది: ‘2025 బ్యాచ్ వారు మాత్రమే’. 2023లో చదువు ముగించిన విద్యార్థికి ఆ ఏడాది నియామకాలే లేవు. మరుసటి ఏడాదీ లేవు. మూడో ఏడాది కంపెనీ తలుపు కాస్త తెరిచేసరికి అతను ‘పాత బ్యాచ్’ అయిపోయాడు. ఫ్రెషర్ల డ్రైవ్‌కు వెళ్తే ఏడాది దాటిందంటారు. మిగతా ప్రకటనలకు వెళ్తే రెండు నుంచి నాలుగేళ్ల అనుభవం అడుగుతారు. రెండు తలుపులకూ నడుమ ఇరుక్కున్నవారు బెంగళూరు పీజీల్లో వేలల్లో ఉంటారు. దరఖాస్తు ఫారంలోని గడులు చూడండి: ప్రస్తుత సీటీసీ (మొత్తం వార్షిక వేతనం), ఆశించే సీటీసీ, నోటీస్ పీరియడ్, చివరి మూడు నెలల పేస్లిప్పులు, చదువులో గానీ ఉద్యోగంలో గానీ గ్యాప్ ఉంటే కారణం. మొదటి నాలుగు గడుల్లో ఆశించే సీటీసీ తప్ప మరేదీ అతను నింపలేడు. అయిదో గడిలో కారణం రాసేందుకు ఇచ్చిన చోటు ‘మీరు ఆ ఏడాది ఎవరినీ తీసుకోలేదు’ అని చెప్పడానికి సరిపోదు. ప్రసవం తరవాత తిరిగి వద్దామనుకునే మహిళను కూడా ఆ గడి ఇలాగే వెనక్కి నెడుతోంది.

చెడ్డ ఏడాదిలో పట్టా తీసుకోవడం ఎంతకాలం వెంటాడుతుందన్నది ఆర్థికవేత్తలు బాగా తవ్విన విషయం. 1980ల తొలినాళ్ల మాంద్యంలో అమెరికా కళాశాలల నుంచి బయటికొచ్చినవారిని లీసా కాన్ పరిశీలించారు. నిరుద్యోగం ఒక శాతం పెరిగినప్పుడల్లా తొలి జీతం ఆరేడు శాతం తగ్గిందనీ, ఆ లోటు పదిహేనేళ్ల తరవాత కూడా పూర్తిగా పూడలేదనీ 2010లో తేల్చారు. కెనడా పట్టభద్రులపై ఒరియోపౌలస్, వాన్ వాక్టర్, హైజ్ చేసిన అధ్యయనంలో ఆ మచ్చ మానడానికి పదేళ్లు పట్టింది. వారిలో త్వరగా కోలుకున్నది పెద్ద కళాశాలల నుంచి వచ్చినవారు. చిన్న కళాశాలల వారు చిన్న కంపెనీల్లోనే చిక్కుకుపోయారు. నరసరావుపేట, నంద్యాల, ఖమ్మం లాంటి పట్టణాల కళాశాలల నుంచి వచ్చిన పిల్లల విషయంలో దీని అర్థం ఏమిటో ఊహించడం కష్టం కాదు.

ఈ గాయాన్ని జాతీయ స్థాయిలో అనుభవించిన దేశం జపాన్. మార్చిలో చదువు ముగియడం, ఏప్రిల్‌లో కొలువులో చేరడం అక్కడి ఆనవాయితీ. ఆ ఏడాది తప్పిపోతే ఇక అంతే. 1990ల మొదట్లో ఆర్థిక బుడగ పగిలాక దశాబ్దానికి పైగా బయటికొచ్చిన యువతను ఆ దేశం ‘ఉపాధి మంచుయుగం’ తరమని పిలుస్తోంది. వారిలో చాలామంది తాత్కాలిక పనుల్లోనే వయసు గడిపేశారు. 2019లో జపాన్ ప్రభుత్వం మూడేళ్లలో మూడు లక్షల మందికి శాశ్వత ఉద్యోగాలిచ్చే లక్ష్యంతో ప్రత్యేక కార్యక్రమం చేపట్టాల్సి వచ్చింది. అదే ఏడాది తకరాజుకా అనే పట్టణ పురపాలిక ఆ తరం కోసమే మూడు కొలువులు ప్రకటిస్తే 1,800 మందికి పైగా దరఖాస్తు చేశారు. అప్పటికి వారికి నలభై ఏళ్లు దాటుతున్నాయి. ఆ మంచుయుగం అనుభవం నుంచే జపాన్ అంతకుముందే, 2010లో ఒక చిన్న సవరణ చేసింది. చదువు ముగిసి మూడేళ్లు దాటని వారినందరినీ కొత్త పట్టభద్రులుగానే చూడాలని కంపెనీలకు మార్గదర్శకాలిచ్చింది. మనకూ ఇదే మొదటి పని కావాలి. ఖజానాకు పైసా ఖర్చు లేదు. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాలు తమ ప్రాంగణాలకు వచ్చే ప్రతి కంపెనీకీ ‘గత మూడు బ్యాచ్‌లకూ అర్హత’ అన్న షరతు పెట్టవచ్చు. వయసు మీద, మార్కుల మీద కంపెనీలకున్న అభిప్రాయాలతో వాదన వేరు. పుట్టిన ఏడాది ఎలా మనిషి చేతిలో లేదో, మాంద్యం వచ్చిన ఏడాది కూడా అలాగే లేదు.

ఆఫర్ లెటర్‌కు విలువెంత?

ఉద్యోగం దొరకని బాధ ఒకటైతే, దొరికిందనుకుని ఎదురుచూసే బాధ మరొకటి. 2022లో ఆఫర్ లెటర్లు అందుకున్న సుమారు రెండు వేల మందికి ఇన్ఫోసిస్ రెండేళ్లయినా చేరిక తేదీ ఇవ్వలేదంటూ పుణేకు చెందిన ఐటీ ఉద్యోగుల సంఘం నైట్స్ 2024లో కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదు చేసింది. 2023 ఫిబ్రవరిలో విప్రో ఆరున్నర లక్షల ప్యాకేజీ ఇస్తామన్న ఫ్రెషర్లను మూడున్నర లక్షలకు ఒప్పుకుంటారా అని అడిగింది. ఆ ఉత్తరం అందుకున్నవారు కాదనే స్థితిలో లేరు. 2025లో అనుభవజ్ఞులైన సుమారు 600 మంది చేరికను టీసీఎస్ ఆలస్యం చేసిందన్న ఫిర్యాదు వచ్చింది. ఇలాంటివారి పరిస్థితి ఇంకా ఘోరం. పాత ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, 90 రోజుల నోటీస్ పీరియడ్ పూర్తిచేసి, రిలీవింగ్ లెటర్ తీసుకుని వచ్చాక కొత్త కంపెనీ ఆగమంటే నెల జీతం మీద నడిచే ఇల్లు ఎలా నడవాలి?

కంపెనీల వాదన వినాలి. ప్రాజెక్టు వస్తుందన్న నమ్మకంతో ముందుగా మనుషుల్ని ఎంపిక చేసుకుంటాం, ఖాతాదారు వెనక్కి తగ్గితే వచ్చినవారిని బెంచ్ మీద కూర్చోబెట్టి జీతమివ్వడం ఎవరికీ మంచిది కాదని అవి అంటాయి. వ్యాపారంలో అనిశ్చితి ఉంటుంది, నిజమే. ఆ అనిశ్చితిని మోసే శక్తి వేల కోట్ల నగదు నిల్వలున్న సంస్థకుందా, విద్యారుణం కిస్తీలు మొదలైన ఇరవై రెండేళ్ల కుర్రాడికుందా అన్నదే తేల్చాల్సింది. ఉద్యోగి నోటీసు ఇవ్వకుండా వెళ్తే జీతం కోసుకోవచ్చు, రిలీవింగ్ లెటర్ ఆపవచ్చు. కంపెనీ మాట తప్పితే? 1872 నాటి ఒప్పందాల చట్టం కింద నష్టపరిహారం కోరవచ్చని పుస్తకాల్లో ఉంది. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం ప్రకారం ఉద్యోగంలో చేర్చుకోమని కోర్టు ఆదేశించడం దాదాపు అసాధ్యం. పరిహారం కోసం సివిల్ కోర్టు మెట్లెక్కే ఫ్రెషర్ ఎక్కడున్నాడు? పరిష్కారం సరళంగానే ఉండవచ్చు. ఆఫర్ లెటర్‌లో చేరిక తేదీ తప్పనిసరి చేయాలి. అది 60 రోజులు దాటితే అప్పటి నుంచి మూలవేతనంలో కొంత శాతం చెల్లించాలి. రద్దు చేస్తే రెండు, మూడు నెలల జీతం ఇవ్వాలి. ఈ ఖర్చు ఎదురుగా కనిపిస్తే కంపెనీలు అవసరానికి మించి ఆఫర్లు జల్లడం మానేస్తాయి. విద్యార్థులకూ తక్కువ ఆఫర్లయినా నిజమైనవి దక్కుతాయి.

చేరిన తరవాత కూడా భద్రత సందేహమే. 2025 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ మైసూరు ప్రాంగణంలో 300 మందికి పైగా శిక్షణార్థులు అంతర్గత పరీక్షల్లో మూడుసార్లు తప్పారంటూ పంపించేశారు. ఆ సంఖ్య అంతకు రెట్టింపని నైట్స్ చెప్పింది. కేంద్రం వివరణ కోరగా, వారు ఉద్యోగులు కారు, శిక్షణలో ఉన్నవారే కనుక దీన్ని లేఆఫ్ అనలేమన్న మాట కర్ణాటక కార్మిక శాఖ నుంచి వినిపించింది. వీరిలో కొందరు ఆఫర్ కోసం రెండేళ్లు కాచుక్కూర్చున్నవారు. ఇక సీనియర్ల విషయంలో ‘రాజీనామా చేస్తారా, తీసేయమంటారా’ అన్న సంభాషణ రివాజుగా మారింది. తీసేస్తే తదుపరి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మచ్చ పడుతుందన్న భయంతో అందరూ రాజీనామాకే సంతకం పెడతారు. రికార్డుల్లో అది స్వచ్ఛందం. కనుక 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమిచ్చిన నెల నోటీసు, ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల పరిహారం లాంటి హక్కులు వర్తించలేదు. 2025 నవంబరు 21న దాని స్థానంలోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కిందా అదే దారి తెరిచి ఉంది. ఐటీ సంస్థలకు ఉద్యోగ నిబంధనలను నిర్దేశించే స్టాండింగ్ ఆర్డర్ల చట్టం నుంచి మినహాయింపును కర్ణాటక 2024లో మరో ఐదేళ్లు పొడిగించింది. తొలగింపుల సమాచారం కార్మిక శాఖకు ఇవ్వాలన్నది ఆ మినహాయింపు షరతుల్లో ఒకటి. బలవంతపు రాజీనామా తొలగింపు లెక్కలోకి రానంత కాలం ఆ షరతు కాగితం మీదే ఉంటుంది.

కొనుక్కునే అనుభవం

తలుపులు రెండూ మూసుకున్నచోట కిటికీలు అమ్మేవారు పుట్టుకొస్తారు. హైదరాబాద్ అమీర్‌పేట, బెంగళూరు మారతహళ్లి కోచింగ్ కేంద్రాల చుట్టూ కన్సల్టెన్సీల వ్యాపారం అలా పెరిగిందే. నిజంగా పని నేర్పే కేంద్రాలు వాటిలో ఉన్నాయి. పక్కనే మూడేళ్ల నకిలీ అనుభవం, పేస్లిప్పులు, పేరుకో కంపెనీ, చివరికి ఇంటర్వ్యూలో తెర వెనక నుంచి జవాబు చెప్పే మనిషి దాకా అన్నీ ప్యాకేజీగా అమ్మేవారూ ఉన్నారు. లక్షల్లో ‘బ్యాక్‌డోర్’ డబ్బు కట్టించుకుని మాయమయ్యేవారూ ఉన్నారు. ఊళ్లో ఎకరం తాకట్టు పెట్టి ఆ డబ్బు తెచ్చినవారు పోలీసు స్టేషన్‌కు కూడా వెళ్లలేరు. ఫిర్యాదు చేస్తే తామూ తప్పులో భాగస్థులమని ఒప్పుకోవాలి. పీఎఫ్ ఖాతా యూఏఎన్ నంబరుతో పాత కొలువుల చిట్టా అంతా బయటపడే రోజుల్లో నకిలీ అనుభవం ఎప్పటికైనా దొరుకుతుంది. దొరికిననాడు ఉద్యోగమే కాదు, పేరూ పోతుంది. అబద్ధాన్ని నేను సమర్థించను. కానీ అనుభవం లేనివారిని తీసుకోకుండా, అనుభవం సంపాదించే దారీ ఇవ్వకుండా, గ్యాప్‌ను నేరంలా చూసే నియామక పద్ధతే ఈ బజారుకు గిరాకీ పుట్టిస్తోంది.

గల్ఫ్‌కు మనిషిని పంపే ఏజెంటుకు 1983 నాటి వలసల చట్టం కింద లైసెన్సు ఉండాలి. అతను వసూలు చేసే రుసుముకు 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ పరిమితి ఉంది. కోనసీమ నుంచి కువైట్ వెళ్లే మనిషికి కాగితం మీదైనా ఉన్న ఈ రక్షణ కోనసీమ నుంచి బెంగళూరు వెళ్లే పట్టభద్రుడికి లేదు. ఉద్యోగం ఇప్పిస్తామని వెతుక్కునేవారి నుంచి రుసుము తీసుకోరాదన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒడంబడిక సారం. భారత్ దాన్ని ఆమోదించలేదు. కేంద్రం కోసం ఆగనక్కర్లేదు. నియామక కన్సల్టెన్సీలకు రిజిస్ట్రేషన్, ధరావతు తప్పనిసరి చేస్తూ, ఉద్యోగార్థుల నుంచి వసూళ్లను నిషేధిస్తూ మూడు రాష్ట్రాలూ చట్టం చేయవచ్చు. డబ్బిచ్చి మోసపోయినవారు ముందుకొస్తే వారిపై కేసు ఉండదన్న హామీ అందులో ఉండాలి.

ఉన్న ఖాళీల సంగతైనా నిజం చెబుతున్నారా? పోర్టళ్లలో నెలల తరబడి కనిపించే ప్రకటనల్లో ఎన్నిటి వెనక నిజంగా కుర్చీ ఖాళీగా ఉందో బయటివారికి తెలియదు. వంద దరఖాస్తులు పెట్టినవారికి పది జవాబులు రావు. నాలుగు రౌండ్ల ఇంటర్వ్యూ చేసి మౌనం వహించడం మామూలైంది. ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీకి తెలపాలని 1959లోనే చట్టం చేశాం. 25 మంది, అంతకు మించి ఉన్న ప్రైవేటు సంస్థలకూ వర్తించిన ఆ చట్టాన్ని ఉల్లంఘిస్తే తొలిసారి జరిమానా గరిష్ఠంగా 500 రూపాయలే ఉండేది. ఆ విధి ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లోకి చేరింది. దక్షిణ కొరియా 2014లోనే న్యాయమైన నియామకాల చట్టం తెచ్చి, 30 మంది, అంతకు మించి ఉన్న సంస్థలు బూటకపు ప్రకటనలు ఇవ్వరాదనీ, ఎంపిక ఫలితాన్ని అభ్యర్థులకు తెలపాలనీ నిర్దేశించింది. కెనడాలోని ఒంటారియో ఇంకాస్త ముందుకెళ్లింది. 2026 జనవరి 1 నుంచి అక్కడ 25 మంది అంతకు మించి ఉన్న సంస్థ తన ప్రకటనలో జీతం పరిధి చెప్పాలి, ఖాళీ నిజంగా ఉందో లేదో చెప్పాలి, వడపోతకు కృత్రిమ మేధ వాడితే ఆ సంగతి చెప్పాలి. ఇంటర్వ్యూ చేసినవారికి 45 రోజుల్లో నిర్ణయం తెలపాలి. ‘మిమ్మల్ని తీసుకోలేదు’ అన్న ఒక్క వాక్యం అందినా మనిషి ఎదురుచూపు మాని మరో దారి చూసుకుంటాడు.

బీమా లేని ఎదురుచూపు

అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన పేరిట మనకూ 2018 నుంచి ఒక నిరుద్యోగ బీమా ఉంది. ఉద్యోగం పోయిన ఈఎస్ఐ చందాదారుకు సగటు వేతనంలో 25 శాతంగా మొదలైన సాయాన్ని కోవిడ్ కాలంలో 50 శాతానికి పెంచారు. 90 రోజులకు మించి రాదు. నెలకు 21 వేల వేతనం దాటినవారికి ఈఎస్ఐయే లేదు. నెలకు 28 వేలు తెచ్చుకునే ఫ్రెషర్ సైతం దీని పరిధిలోకి రాడు. పారిశ్రామిక సంబంధాల కోడ్ రీస్కిల్లింగ్ నిధి పేరుతో తొలగింపునకు గురైనవారికి 15 రోజుల వేతనం ఇమ్మంటోంది. అదీ ‘వర్కర్’ నిర్వచనంలో ఇమిడితేనే, రాజీనామా సంతకం పెట్టకపోతేనే.

అమెరికాను దయలేని మార్కెట్‌గా చెప్పుకుంటాం. అక్కడ కూడా వంద మంది, అంతకు మించి ఉన్న సంస్థ మూకుమ్మడిగా తొలగించాలంటే 1988 నాటి వార్న్ చట్టం ప్రకారం 60 రోజుల ముందు చెప్పాలి. చాలా రాష్ట్రాల్లో 26 వారాల దాకా నిరుద్యోగ బీమా అందుతుంది. ఎక్కువమందిని తొలగించే కంపెనీ ఆ బీమాకు ఎక్కువ పన్ను కట్టాలన్నది అందులోని కీలకమైన కిటుకు. జర్మనీ దారి వేరు. గిరాకీ తగ్గితే పని గంటలు తగ్గించి ఉద్యోగిని అట్టేపెట్టుకోమంటుంది, కోల్పోయిన నికర వేతనంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం ప్రభుత్వం ఇస్తుంది. 2020 ఏప్రిల్‌లో దాదాపు 60 లక్షల మంది ఈ ఏర్పాటు కింద కొలువులు నిలుపుకొన్నారు. మన ఫ్రెషర్ల సమస్యకు దగ్గరగా ఉన్నది డెన్మార్క్. చదువు ముగిసిన రెండు వారాల్లోపు బీమా నిధిలో చేరితే, ఒక్కరోజు ఉద్యోగం చేయకపోయినా కొంతకాలం భృతికి అర్హత వస్తుంది. నిరుద్యోగ భృతి అంటేనే ఏళ్ల తరబడి ససేమిరా అన్న సింగపూర్ సైతం 2025 ఏప్రిల్ నుంచి ఉద్యోగం పోయినవారికి ఆరు నెలల్లో 6,000 సింగపూర్ డాలర్ల దాకా ఇస్తోంది. దరఖాస్తులు పెడుతున్నట్టు, శిక్షణ తీసుకుంటున్నట్టు చూపాలన్న షరతు ఉంది. రాజధాని నిర్మాణం నుంచి పాలన దాకా సింగపూర్‌ను ఆదర్శంగా చెప్పుకునే మనవాళ్లు ఈ పేజీని కూడా చదవాలి.

భృతి ఇస్తే వెతకడం మానేస్తారన్న అభ్యంతరం ప్రతి దేశంలోనూ ఉన్నదే. పరిమిత కాలం, వెతుకుతున్నట్టు ఆధారం అన్న షరతులతో దాన్ని చాలామటుకు అదుపు చేయవచ్చని పై దేశాలు చూపాయి. ఇంతకంటే బరువైన అభ్యంతరం మరొకటుంది. దేశంలో శ్రామికుల్లో అత్యధికులు ఏ భద్రతా లేని అసంఘటిత రంగంలో ఉంటే, ఇంజినీరింగ్ చదివినవారికి బీమా ఏమిటన్నది. న్యాయమైన ప్రశ్న. కానీ 2022లో మన పట్టభద్ర యువతలో నిరుద్యోగం 29.1 శాతం, చదవను రాయను రాని యువతలో 3.4 శాతమని అంతర్జాతీయ కార్మిక సంస్థ, మానవాభివృద్ధి సంస్థల నివేదిక చెబుతోంది. పేద కుటుంబం తన పొదుపంతా పెట్టుబడి పెట్టింది ఆ పట్టా మీదే. చందాతో నడిచే బీమా కోసం భవన నిర్మాణ కూలీల సంక్షేమ నిధి నుంచి రూపాయి తీయనక్కర్లేదు. 30 వేల జీతంపై అర శాతం అంటే 150 రూపాయలు. ఉద్యోగి, యజమాని చెరో అర శాతం వేసుకుని ఈఎస్ఐ పరిమితికి పైనున్నవారికి ఒక నిధి పెట్టడం అసాధ్యమేమీ కాదు.

ప్రస్తుతం రాష్ట్రాలు చేస్తున్నది వేరు. కర్ణాటక యువనిధి పథకం నిరుద్యోగ పట్టభద్రులకు నెలకు 3,000, డిప్లొమా వారికి 1,500 రూపాయలు రెండేళ్ల దాకా ఇస్తుంది, తన రాష్ట్రం వారికి. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో మొదలైన యువనేస్తం భృతి పథకం ప్రభుత్వం మారడంతో ఆగింది. 2024 ఎన్నికల్లో 20 లక్షల ఉద్యోగాలు లేదా నెలకు 3,000 భృతి అన్న హామీ వచ్చింది. అనంతపురం నుంచి వచ్చి మారతహళ్లిలో కొలువు వెతుక్కునే యువతి కర్ణాటక పథకానికి స్థానికురాలు కాదు. సొంత రాష్ట్రానికి ఆమె చిరునామా దూరమైంది. బెంగళూరు నగర జిల్లా జనాభాలో దాదాపు 14 శాతం తెలుగు మాతృభాషగా ఉన్నవారే ఉన్నా, ఉపాధి విధానాలు సరిహద్దు దగ్గర ఆగిపోతాయి. మేనేజ్‌మెంట్ కొలువుల్లో 50 శాతం, మిగతావాటిలో 70 శాతం స్థానికులకే అన్న బిల్లును 2024 జులైలో కర్ణాటక మంత్రివర్గం ఆమోదించి, పరిశ్రమ నుంచి నిరసన రావడంతో రెండు రోజుల్లోనే పక్కన పెట్టింది. అప్పుడు మనవాళ్లు కంపెనీలను విశాఖకు రమ్మన్నారు. 2019లో 75 శాతం స్థానిక కోటా చట్టం చేసింది ఆంధ్రప్రదేశేనన్నది మరవకూడదు. అలాంటి హరియాణా చట్టాన్ని 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టేసింది. కోటాలు ఉన్న కొద్దిపాటి కుర్చీలను పంచడం మీద కొట్లాట పెడతాయి, కుర్చీ లేని కాలాన్ని దాటించలేవు. దానికంటే ఏ రాష్ట్రం పథకమైనా మనిషితో పాటు కదిలేలా, మూడు రాష్ట్రాలూ పరస్పర ఒప్పందం చేసుకోవడం మేలు.

కంపెనీలను ఒప్పించే శక్తి ప్రభుత్వాలకు లేదనడం సరికాదు. 2025లో విశాఖపట్నంలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసల నామమాత్రపు ధరకు ఇచ్చారు, 12 వేల ఉద్యోగాలు వస్తాయన్నారు. కాగ్నిజెంట్‌కూ అదే ధరకు 22 ఎకరాల పైచిలుకు, 8 వేల ఉద్యోగాల మాటతో. కర్ణాటక 2024 నవంబరులో జీసీసీ విధానం ప్రకటించి, 2029 నాటికి మరో 500 కేంద్రాలు రావాలని రాయితీలు సిద్ధం చేసింది. ప్రజల భూమి, ప్రజల పన్ను ఇంత ఉదారంగా ఇస్తున్నప్పుడు ఒప్పందంలో నాలుగు వాక్యాలు అదనంగా రాయించుకోవచ్చు. ఫ్రెషర్ల నియామకాల్లో గత మూడు బ్యాచ్‌లకూ అర్హత. ఆఫర్ లెటర్‌లో చేరిక తేదీ, తప్పితే పరిహారం. ఇంటర్వ్యూకు పిలిచినవారికి 45 రోజుల్లో లిఖితపూర్వక జవాబు. ఏటా ఎంతమందిని తీసుకున్నారు, ఎంతమంది రాజీనామా చేశారు, వారిలో ఎంతమందిని కంపెనీ అడిగి చేయించింది అన్న లెక్క కార్మిక శాఖ వెబ్‌సైట్‌లో బహిరంగం. ఇవి నెరవేరకపోతే రాయితీ వెనక్కి. కొత్త కార్మిక కోడ్‌ల కింద నియమాలు రాసుకునే అధికారం రాష్ట్రాలకు ఉంది కనుక, భూమి తీసుకోని కంపెనీలకూ వీటిలో కొన్నిటిని వర్తింపజేయవచ్చు. విశాఖ ఒప్పందాల్లోని ఉద్యోగాల అంకెలు ఏ బ్యాచ్ పిల్లలకు, ఏ తేదీకి, ఏ జీతానికి అన్నది శాసనసభలో అడగాల్సిన సభ్యులు ఇరుపక్షాల్లోనూ ఉన్నారు.